మీరు ఎక్కడ నిలబడి విన్నారు? సంగీతోత్సవాల సమీక్షకులకు ఒక బహిరంగ లేఖ

పెద్ద సంగీతోత్సవాల్లో పాప్ తారల ప్రదర్శనలను సమీక్షించి, నక్షత్రాలూ మార్కులూ వేసే పత్రికా విమర్శకులకు, వీడియో సమీక్షకులకు,

నమస్కారం.

నేను పన్నెండేళ్ల పాటు వేదికల మీద సౌండ్ పని చేశాను. అందులో ఎక్కువ కాలం జనం మధ్యలో, అందరికీ కనిపించే పెద్ద మిక్సర్ దగ్గర కాకుండా, వేదిక పక్కన తెర చాటున ఉండే మానిటర్ మిక్సర్ దగ్గర గడిచింది. పాడేవారికి తమ గొంతు ఎంత, తాళం ఎంత, వాద్యాలు ఎంత వినపడాలో సర్దిపెట్టడమే ఆ బల్ల దగ్గరి మనిషి పని. జనం వినేది ఒకటి, గాయకులు వినేది మరొకటి అన్న సంగతి అక్కడ మొదటి రోజే తెలిసిపోతుంది. మీ సమీక్షలు చదువుతుంటే మాత్రం ఆ సంగతి మీ దాకా వచ్చినట్టు చాలాసార్లు అనిపించదు. అందుకే ఈ లేఖ.

పాప్ తారలను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. వాళ్లకు ఆ పని చేసిపెట్టే మనుషులు కావలసినంతమంది ఉన్నారు. టికెట్టు కొని, గంటల తరబడి నిలబడి చూసిన మనిషికి మంచి చెడ్డలు తేల్చి చెప్పే విమర్శకుడు ఉండి తీరాలి, ఆ విమర్శ కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. నా ఫిర్యాదు వేరు. మీరు ఏ శబ్దాన్ని విని తీర్పు చెబుతున్నారో పాఠకుడికి చెప్పడం లేదు.

ఒకే రాత్రి, ఒకే వేదిక మీద పాడిన ఒకే పాటకు, వినేవారి దాకా చేరేసరికి కనీసం మూడు రూపాలుంటాయి: మైదానంలో వినపడేది, ప్రసారంలో వచ్చేది, ఫోనులో పడేది. వేదిక మీద ఉన్న ప్రతి మైకు నుంచి వచ్చే తీగ మూడుగా చీలి, ఒక పాయ మానిటర్ మిక్సర్‌కు, ఒకటి మైదానంలోని మిక్సర్‌కు, మూడోది ప్రసారం కోసం వేదిక వెనక నిలిపి ఉంచిన బండికి పోతుంది. మైదానంలోని శబ్దాన్ని కలిపే మనిషి వేలమంది ఒళ్లు కదిలించడానికి కలుపుతాడు. బండిలో కూర్చున్న మనిషి చిన్న స్పీకర్ల ముందు, ఇంట్లో సోఫాలో ఉన్నవారి చెవి కోసం కలుపుతాడు. మైదానంలో డ్రమ్ము దెబ్బ కడుపులో తగులుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు గొంతెత్తి పాడుతుంటారు, గాయని గొంతులో ఒక చిన్న వణుకు ఆ హోరులో ఇట్టే కలిసిపోతుంది. ప్రసారంలో అదే వణుకు నగ్నంగా బయటపడుతుంది, ఎందుకంటే అక్కడ గొంతును ముందుకు తెచ్చి, జనాన్ని వెనక్కి నెడతారు, ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినపడుతుంది. ఇంగ్లండ్‌లో జరిగే గ్లాస్టన్‌బరీ ఉత్సవాన్ని బీబీసీ 1997 నుంచి ప్రసారం చేస్తోంది, కాలిఫోర్నియా ఎడారిలో జరిగే కోచెల్లా ఉత్సవం 2011 నుంచి యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తోంది. అంటే మీలో చాలామంది ఇప్పుడు వింటున్నది ఈ బండిలోని మిక్స్‌నే. అందులో తప్పేమీ లేదు. దాన్ని విని, మైదానంలో నిలబడి విన్నట్టు రాయడమే తప్పు.

ఇక మూడో రూపం ఫోనులో తీసిన ముక్క. శబ్దం పెద్దదయ్యేకొద్దీ ఫోను మైకు తనంతట తానే దాన్ని నొక్కేస్తుంది, బాస్ చిట్లిపోతుంది, పక్కనున్న అభిమాని అరుపు అసలు గాయని గొంతు కన్నా పెద్దగా పడుతుంది. దాన్ని పట్టుకుని శ్రుతి గురించి మాట్లాడటం పగిలిన అద్దంలో చూసి ముఖానికి వంక పెట్టడం లాంటిది.

దూరం లెక్క కూడా కొంచెం చెప్పుకోవాలి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వేదికకు 100 మీటర్ల దూరంలో నిలబడ్డవారికి పాట దాదాపు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. వెలుతురుకు ఆ ఆలస్యం లేదు కాబట్టి, పెద్ద తెర మీద గాయని పెదవులు ముందు కదులుతాయి, మాట తరువాత వస్తుంది. వెనక వరుసల్లో నిలబడి ఇది చూసి, పెదవులు పాటతో కలవడం లేదు కనుక రికార్డు వేసి పెదవులాడిస్తున్నారని రాసినవారిని నేను ఎరుగుదును. నిజానికి రికార్డు వేసినా ఆ దూరంలో పెదవులు కలవవు. మైదానం మధ్యలో నిలబెట్టే అదనపు స్పీకర్లను కావాలనే ఆలస్యం చేసి మోగిస్తారు. లేకపోతే వేదిక నుంచి వచ్చే శబ్దంతో అవి కలవక, ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. గాలి అటూ ఇటూ వీచినప్పుడల్లా గొంతులోని పై పౌనఃపున్యాలు కాసేపు మాయమై మళ్లీ వస్తాయి. "గొంతు అక్కడక్కడా తేలిపోయింది" అని మీరు రాసిన వాక్యానికి బాధ్యత కొన్నిసార్లు గాలిదే.

పాడేవారి వైపు నుంచి చూస్తే ఈ లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాటలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య అర సెకను. 100 మీటర్ల అవతల ఉన్న జనం 0.3 సెకను ఆలస్యంగా విని చప్పట్లు కొడితే, ఆ చప్పట్లు వేదికకు తిరిగి చేరడానికి మరో 0.3 సెకను పడుతుంది. అంటే ఒక దెబ్బకు మించిన ఆలస్యం. చెవుల్లో మానిటర్, అంటే తమ పాటా వాద్యాలూ వినిపించే చిన్న ఇయర్‌ఫోను లేకుండా, జనం తాళాన్ని నమ్ముకుని పాడితే ఎంతటి లయజ్ఞానం ఉన్నవారైనా తప్పుతారు. చెవుల్లో పెట్టుకునే ఆ చిన్న బుడిపెలు అలంకారం కోసం కాదని చెప్పడానికే ఇంత లెక్క చెప్పాను.

నా సొంత అనుభవం ఒకటి చెప్పకపోతే ఇదంతా పాఠంలా ఉంటుంది. ఎక్కడ, ఎవరు అన్నవి అనవసరం. ఒక ఉత్సవంలో సాయంకాలం ప్రదర్శన. ఉత్సవాల్లో ముఖ్య గాయకులకు తప్ప మిగతావారికి తీరుబడిగా సౌండ్ చెక్ దొరకడం అరుదు, ముందు బృందం దిగిపోయాక దొరికే కొద్ది నిమిషాల్లో తీగలన్నీ పలుకుతున్నాయో లేదో చూసుకోవడమే. ఆ రోజు ఒక డ్రమ్ము మైకు పలకలేదు. దాని వెంట తిరుగుతూ, గాయని చెవిలోకి శబ్దం అందించే, నడుముకు కట్టుకునే రిసీవర్ డబ్బీలో కొత్త బ్యాటరీలు వేయడం మరిచిపోయాను. మొదటి పాట రెండో చరణంలో ఆమె కుడి అరచేయి చెవికి అడ్డం పెట్టుకుని నా వైపు చూశారు. నా మిక్సర్ మీద దీపాలన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి, ఆమె చెవిలోకి శబ్దం పోతోందనే నేను అనుకున్నాను. ఆమె రెండోసారి చూసినప్పుడు గాని నాకు తట్టలేదు. ఈలోగా ఆమె చెవిలోని బుడిపెను లాగేసి, జనానికి వీపు పెట్టి, డ్రమ్మర్ కుడి పాదం ఎప్పుడు పడుతోందో కళ్లతో చూస్తూ పాడారు. పాడేవారి వైపు తిప్పి వేదిక మీద పెట్టే ఎదురు స్పీకర్లు ఒక్కటీ లేవు, వాటిని వద్దన్నది వాళ్ల బృందమే. శ్రుతి కొంచెం కిందికి జారింది, తాళం మాత్రం తప్పలేదు. నేను వంగి పరుగెత్తి, ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని, డబ్బీ మూత తీసి బ్యాటరీలు మార్చేసరికి రెండో పాట మొదలైంది. ఆ తరువాత నలభై నిమిషాలు ఆమె పాడిన తీరుకు నేను మిక్సర్ మీద చేయి పెట్టాల్సిన అవసరమే పెద్దగా రాలేదు.

మర్నాడు ఒక సమీక్షలో ఆ మొదటి పాట గురించే ఉంది. గొంతులో పట్టు లేదని, జనానికి వీపు చూపడం పొగరని, చెవి మూసుకోవడం గొప్ప గాయనిలా కనపడాలనే నటన అని రాశారు. కింద పదకొండు సెకన్ల ఫోను వీడియో జతచేశారు. తప్పు నాది, అచ్చయింది మాత్రం ఆమె గొంతు గురించి. ఆ గాయని నన్ను ఒక్క మాట అనలేదు. అందువల్లే ఆ సమీక్ష నాకు ఇంకా గుర్తుంది.

మీరు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: నిజంగా పాడారా, రికార్డు వేశారా? ఈ రెండింటి మధ్యా చాలా మెట్లున్నాయి. గొంతు పూర్తిగా అప్పటికప్పుడు పాడి, వెనక కోరస్ మాత్రం ట్రాక్ నుంచి రావచ్చు. గాయని తన రికార్డు గొంతు మీద తానే పాడవచ్చు, డ్యాన్సు కష్టమైన చోట రికార్డుకు వదిలేసి మిగతా చోట పాడవచ్చు. యూరోవిజన్ ఉత్సవం కాదు, యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీ, అయినా ఈ విషయంలో అక్కడి పద్ధతి చూడదగ్గది. 1999 నుంచి అక్కడ వాద్యబృందం తప్పనిసరి కాదు, సంగీతం రికార్డు నుంచే వస్తుంది. 2021 నుంచి వెనక గొంతులు కూడా రికార్డు చేసుకోవచ్చు. ప్రధాన గొంతు మాత్రం అక్కడికక్కడ పాడాల్సిందే. జ్యూరీ చూడవలసినవి పాట కూర్పు, వేదిక మీద ప్రదర్శన, గొంతు సత్తా, మొత్తం మీద కలిగిన అభిప్రాయం అని ముందే రాసిపెట్టుకున్నారు. ఇంకో విచిత్రం, టీవీలో ప్రేక్షకులు చూసి ఓటేసే రాత్రి పాటకు కాక, ముందురోజు రాత్రి జరిగే రిహార్సల్‌కు జ్యూరీ మార్కులు వేస్తుంది. అది నచ్చనివారు చాలామంది ఉన్నారు, నాకూ పూర్తిగా నచ్చదు. కానీ ఎవరు ఏ పాట విని ఏ మార్కు వేశారో అందరికీ తెలుసు. మీ నాలుగు నక్షత్రాల గురించి అంతపాటి సమాచారం కూడా మాకు లేదు.

శ్రుతి దిద్దే యంత్రాల సంగతి కూడా ఇలాంటిదే. ఆటోట్యూన్ వచ్చి 1997 నుంచి ఇంతకాలమైంది, వేదిక మీద అప్పటికప్పుడే గొంతును సరిచేసే వీలూ ఎప్పుడో వచ్చింది. అది ఉందా లేదా అని ఊహించి రాయడం కన్నా, గొంతు ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఎలా జారుతోందో వినండి. మనిషి గొంతు జారుడుబల్ల మీద దిగినట్టు దిగుతుంది. యంత్రాన్ని గట్టిగా బిగిస్తే ఆ జారుడు మెట్లుగా విరుగుతుంది. కావాలని అలా విరగ్గొట్టి దాన్నే అందంగా వాడుకునేవారున్నారు, వారిని పట్టుకుని మోసమనడం తబలాను పట్టుకుని మృదంగం కాదని తిట్టడమే. లోపం కప్పుకోవడానికి వాడినవారిని మాత్రం నిర్మొహమాటంగా రాయండి, ఎక్కడ విరిగిందో పాట, చోటు చెప్పి మరీ రాయండి.

2018 ఏప్రిల్‌లో కోచెల్లాలో బియాన్సే చేసిన ప్రదర్శనను గొప్పదని ఒప్పుకోని విమర్శకుడు అరుదు. ఆ ఉత్సవానికి ముఖ్య గాయనిగా నిలిచిన తొలి నల్లజాతి మహిళ ఆమె. ముందు ఏడాదే రావలసి ఉండగా గర్భిణిగా ఉండటంతో ఆగారు. కవాతు బ్యాండుతో కలిపి వేదిక మీద నూరుమందికి పైగా ఉన్నారు. రెండు వారాంతాల్లో ఒకసారి పసుపు, ఒకసారి గులాబీ రంగు దుస్తులు వేశారు. తరువాత ఏడాది వచ్చిన చిత్రంలో పసుపు నుంచి గులాబీకి, గులాబీ నుంచి పసుపుకు కోతలు పడుతూనే ఉంటాయి, అడుగు ఎక్కడా తేడా రాదు. రెండు రాత్రులు అంత ఖచ్చితంగా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయంటే అది సాధన, అందులో సందేహం లేదు. కానీ ఆ చిత్రం చూసి ప్రదర్శనకు మార్కులు వేసినవారు, ఏ ఒక్క రాత్రీ జరగని ఒక ప్రదర్శనకు మార్కులు వేశారు. కూర్పరి కత్తెరకూ అందులో వాటా ఉంది.

కొరియన్ బృందాల విషయంలో మీరు మరీ తొందరపడతారు. 2024లో కోచెల్లాలో లె సెరాఫిమ్ పాడిన తరువాత, సంగీతం తీసేసి గొంతు మాత్రమే మిగిల్చామంటూ తిరిగే వీడియోలను ఆధారంగా చూపి రాసినవారున్నారు. ప్రసారం విన్నప్పుడు గొంతులు చాలాచోట్ల నిలకడగా లేవని నాకూ అనిపించింది. అది చెప్పడానికి ప్రసారమే చాలు. సాఫ్ట్‌వేరుతో సంగీతాన్ని గొంతు నుంచి ఊడబెరికినప్పుడు, గొంతులోనూ కొంత కండ ఊడి వస్తుంది. మిగిలిన దానిలో ఏది గాయనిది, ఏది యంత్రపు గీతో ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్న నేనే ఖాయంగా చెప్పలేను.

తారల సొంత తప్పుల దగ్గరకు వస్తే, మీరు మెత్తబడాల్సిన పని లేదు. 2023లో గ్లాస్టన్‌బరీలో గాయని లానా డెల్ రే దాదాపు అరగంట ఆలస్యంగా వచ్చారు, జుట్టు సర్దుకోవడం ఆలస్యమైందని ఆమే చెప్పారు, రాత్రి శబ్దం ఆపాల్సిన గడువు దాటగానే నిర్వాహకులు మైకు ఆపేశారు. ఆమె ఎంత బాగా పాడినా, జనానికి రావలసిన అరగంట పోయింది. అది ప్రదర్శనలో భాగమే. గడువు ఉత్సవానికి ఇచ్చే అనుమతిలోని షరతు, దాన్ని తార కోసం సాగదీయమని అడగడం కుదరదు.

అదే ఏడాది కోచెల్లాలో గాయకుడు ఫ్రాంక్ ఓషన్ ప్రదర్శన గురించి నాకు అంత సూటిగా చెప్పే ధైర్యం లేదు. గంట ఆలస్యం, మధ్యలో ఆగిన పాటలు, గడువు రాగానే ఉన్నట్టుండి ముగింపు, ఇవన్నీ నిజమే. చీలమండకు గాయమై, మంచు గచ్చు మీద చేయాలనుకున్న ప్రదర్శనను వదులుకోవాల్సి రావడమూ నిజమే. అన్నిటికన్నా నన్ను తొలిచింది ఇంకోటి. ఆ ప్రదర్శన యూట్యూబ్‌లో రాలేదు. ఎడారిలో ఆ రాత్రి ఉన్నవారు తప్ప మిగతా లోకమంతా అభిమానుల ఫోన్ల నుంచి వచ్చిన ముక్కలే చూసింది. అయినా మర్నాటికి ప్రపంచం నలుమూలల నుంచి ఖండితమైన తీర్పులు వచ్చేశాయి. వాటిలో ఎన్ని మైదానంలో రాసినవి, ఎన్ని ఫోను ముందు రాసినవి అన్నది చదివినవారికి తెలిసే దారే లేదు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 1997 నాటిది. గ్లాస్టన్‌బరీలో బ్రిటిష్ బృందం రేడియోహెడ్ పాడుతుండగా మానిటర్లు చెడిపోయాయి. కళ్లలోకి దీపాలు కొడుతున్నాయి, తమ గొంతు తమకు వినపడదు, ఆ బృందం గాయకుడు థామ్ యార్క్ వేదిక దిగిపోదామన్నంత దాకా వచ్చారు. దీపాలు జనం మీదికి తిప్పమని అడిగి, జనం ముఖాలు చూశాక పాడటం కొనసాగించారు. వేదిక మీది వారికి అది పీడకల. కింద నిలబడ్డవారికి ఆ ఉత్సవ చరిత్రలోనే గొప్ప రాత్రుల్లో ఒకటి. మానిటర్ బల్ల దగ్గర ఆ రాత్రి నిలబడిన మనిషి ఏం అనుభవించి ఉంటాడో నేను ఊహించగలను, నాకు చెమటలు పడతాయి.

2023లో గాయకుడు లూయిస్ కపాల్డీకి అక్కడే గొంతు పోయింది, ఒళ్లు తనంతట తానే అదిరిపడే టూరెట్ జబ్బు లక్షణాలు ఎక్కువయ్యాయి, చివరి పాటను జనమే పాడి ముగించారు. నక్షత్రాలు వేసే పద్ధతికి ఆ సాయంత్రం ఏ విధంగానూ లొంగదు. గొంతు లెక్కన అది ఓడిపోయిన ప్రదర్శనే, అక్కడున్నవారిలో ఓడిపోయామని అనుకున్నవారు మాత్రం ఉండరు. 2025లో ఆయన అదే వేదిక మీదికి తిరిగివచ్చి పాడారు. మీలో ఎవరైనా మొదటి దానికి నక్షత్రాలు వేయకుండా వదిలేసి ఉంటే, వారికి నా నమస్కారం. 2024 కోచెల్లాలో గాయని గ్రైమ్స్‌కు పరికరాల్లో ట్రాకుల వేగం రెండింతలై గందరగోళమైనప్పుడు, ఆమె అక్కడికక్కడ అరిచారు, తరువాత క్షమాపణ చెప్పారు, రెండో వారాంతంలో సర్దుకున్నారు. అక్కడ మీరు కఠినంగా రాయడం నాకు సబబుగానే తోచింది. తన పాటల తయారీని తాను చూసుకోకపోవడం ఆమె తప్పేనని ఆమే ఒప్పుకున్నారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. సమీక్ష మొదట్లో ఒక్క వాక్యం రాయండి: మైదానంలో ఫలానా చోట నిలబడి విన్నాను, లేదా ప్రసారంలో విన్నాను, లేదా వీడియో ముక్కలు చూశాను. మూడోదైతే గొంతు గురించి, శ్రుతి గురించి తీర్పు జోలికి పోకండి. ఏ పాటలో ఏ చోట గొంతు తప్పిందో చెప్పండి, ఆ తరువాత ఎలా నిలదొక్కుకున్నారో, నిలదొక్కుకోలేదో కూడా చెప్పండి. గాయని చెవి మీద చేయి పెట్టుకుంటే, చెవిలో ఏం పోయిందో నిర్వాహకుల్లో ఎవరినైనా అడగండి, వాళ్లు చెబుతారు. నన్ను అడిగి ఉంటే నేనూ చెప్పేవాణ్ని.

వీలైతే ఒక్క సాయంత్రం మానిటర్ మిక్సర్ పక్కకు రండి. ఏ ఉత్సవంలోనైనా ఆ బల్ల మీద రెండో జత హెడ్‌ఫోన్లు ఉంటాయి, అనుమతి తీసుకుంటే వేదిక పక్కన ఒక మనిషి నిలబడే చోటు కూడా ఉంటుంది. గాయని చెవిలో పోయేదంతా వినపడుతుంది: దెబ్బలు లెక్కపెట్టే టిక్కుటిక్కు, తర్వాతి పాట పేరు చెప్పే గొంతు, ఆమె ఊపిరి. పాట మధ్యలో ఒకసారి ఆ హెడ్‌ఫోన్లు తీసి, వేదిక మీది చప్పుడు ఉన్నది ఉన్నట్టు వినండి. అందులో నుంచి మీ గొంతును మీరు పట్టుకోగలరేమో చూసుకుని, తరువాత మీ ఇష్టమొచ్చినన్ని నక్షత్రాలు వేయండి. ఆ రాత్రి బ్యాటరీలు కొత్తవో కావో మాత్రం నన్ను కూడా ఒకసారి చూడనివ్వండి.

ఇట్లు,
వేదిక పక్కన పనిచేసిన ఒక సౌండ్ మనిషి